జాజ్ రికార్డులో తెలుగు: రుద్రేశ్ మహాంతప్ప 'మదర్ టంగ్', 'కిన్స్‌మెన్' – లయ పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు రుద్రేశ్ మహాంతప్ప 2004లో వెలువరించిన 'మదర్ టంగ్' ఆల్బమ్‌లో ఒక రచన పేరు 'తెలుగు'. అందులో తెలుగు పాట లేదు, పద్యం లేదు. మాట్లాడే భాషలోని ఎత్తుపల్లాలూ నడకా స్వరాలుగా మారి జాజ్ చతుష్టయం చేతికి వచ్చాయి. 2008లో కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి చేసిన 'కిన్స్‌మెన్'లో తెలుగు మరో దారిలో, కీర్తన సంప్రదాయం ద్వారానూ విజయనగరం వయొలిన్ ద్వారానూ ప్రవేశించింది. ఈ రెండు రికార్డులలో 'ప్రాంతీయ లయ' అనే మాటకు అర్థమేమిటో తెలుగు ఛందస్సు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: జాజ్, శాక్సోఫోన్, మాత్ర, గతి, ముత్యాల సరం, కర్ణాటక సంగీతం, భాషా అస్తిత్వం.

1. ఉపోద్ఘాతం

తెలుగు, సంగీతం అన్న రెండు మాటలు ఒకచోట చేరగానే త్యాగరాజు, క్షేత్రయ్య, అన్నమయ్య గుర్తుకు రావడం సహజం. ఆ చర్చలన్నింటిలోనూ తెలుగు సాహిత్యంగానే, అంటే అర్థమున్న పదాలుగానే నిలుస్తుంది. అజంత భాష కనుక గానానికి అనువైనదనే ప్రశంస అనేక వ్యాసాలలో కనిపిస్తుంది. ఆ అనుకూలత ఏ స్థాయిలో పనిచేస్తుందో, పదాలను తీసివేస్తే మిగిలే తెలుగు ఏమిటో విచారించిన సందర్భాలు మాత్రం తక్కువ. ఆ విచారణకు అనుకోని చోట ఒక ఆధారం దొరుకుతుంది. అది న్యూయార్క్‌లోని పై రికార్డింగ్స్ సంస్థ విడుదల చేసిన ఒక జాజ్ ఆల్బమ్.

రుద్రేశ్ మహాంతప్ప 1971లో ఇటలీలోని ట్రియెస్టెలో జన్మించాడు. దక్షిణ భారతం నుంచి వలస వెళ్ళిన కుటుంబం. కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణంలో పెరిగి, బర్క్‌లీ సంగీత కళాశాలలోనూ షికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయంలోనూ జాజ్ అభ్యసించాడు. చార్లీ పార్కర్ ప్రభావం అతని వాదనంలో మొదటినుంచీ స్పష్టం. వేగం, కొసలు పదునైన స్వరం, ఊపిరాడనివ్వని వాక్యనిర్మాణం అతని గుర్తులు. అతడు భారతీయ సంగీతంతో పెరిగినవాడు కాదు. జాజ్‌లో స్థిరపడుతున్న వయసులో, చుట్టూ ఉన్నవారు పేరునూ రూపాన్నీ చూసి అతనినుంచి 'భారతీయత'ను ఆశించిన తరువాతనే ఆ ప్రశ్న అతనికి సంగీత సమస్యగా మారింది. 'మదర్ టంగ్' ఆ సమస్యకు అతడు ఇచ్చిన తొలి పూర్తిస్థాయి సమాధానాలలో ఒకటి.

2. పదజాలం గురించి కొంత

'స్ట్రెయిట్ ఎహెడ్ జాజ్' అనే వ్యవహారం తెలుగు పాఠకులకు అంత పరిచితం కాదు. 1940, 50 దశకాల బీబాప్, హార్డ్‌బాప్ పద్ధతులను ఆధారంగా చేసుకొని, రాక్ వాద్యపరికరాల ధోరణికీ, నియమాలను వదిలివేసే ఫ్రీ జాజ్‌కూ దూరంగా నిలిచే జాజ్ ఇది. డబుల్ బేస్ ప్రతి దెబ్బకూ ఒక స్వరం చొప్పున నడుస్తుంది. డ్రమ్స్‌లోని రైడ్ తాళం 'స్వింగ్' నడకను నిలుపుతుంది. మొదట ఇతివృత్త స్వరరచన, తరువాత దాని శ్రుతిసమూహాల క్రమంపై ఒక్కొక్కరి మనోధర్మం, చివర మళ్ళీ ఇతివృత్తం. ఈ ఆవృత్తిని జాజ్‌లో 'కోరస్' అంటారు. కర్ణాటక సంగీతంలోని ఆవర్తనంతో దీనికి పోలిక ఉన్నా భేదం ముఖ్యమైనది. ఆవర్తనం కాలానికి సంబంధించిన చక్రం. కోరస్ కాలంతోపాటు కార్డుల ప్రయాణానికి సంబంధించిన చక్రం కూడా. ఆధార షడ్జం కదలని సంగీతాన్నీ, ఆధారమే క్షణక్షణం మారే సంగీతాన్నీ ఒక చోట కూర్చడంలో ఉన్న కష్టమంతా ఇక్కడే పుడుతుంది.

శాక్సోఫోన్‌ను రూపొందించిన అడాల్ఫ్ శాక్స్ 1846లో పారిస్‌లో దానికి పేటెంట్ పొందాడు. సైనిక వాద్యబృందాలకు ఉద్దేశించిన ఈ వాద్యం, ఆ బృందాల ద్వారానే భారతీయ సంస్థానాలకు చేరింది. మైసూరు రాజభవన వాద్యబృందంలో దానిని విన్న నాదస్వర కుటుంబీకుడు కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) దానిపై కర్ణాటక సంగీతాన్ని పలికించాలని పూనుకోవడం ఈ కథలో రెండవ పాయ. హైదరాబాదులో మాత్రం శాక్సోఫోన్ జనానికి తెలిసింది కచేరీ వేదికపై కాదు, పెళ్ళి ఊరేగింపు బ్యాండు మేళంలో. కోఠికి ఆనుకొని ఉన్న రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. దాని ముందు వీధిలో పెళ్ళి బ్యాండు సాగిపోవచ్చు. ఆ రెండింటి మధ్య దూరం పదడుగులే అయినా, సంగీత చరిత్ర రచనలో అది చాలా పెద్దది.

3. పూర్వరంగం

జాజ్ శాక్సోఫోన్ భారతీయ సంగీతం వైపు చూడడం మహాంతప్పతో మొదలు కాలేదు. జాన్ కోల్ట్రేన్ 1961లో 'ఇండియా' అనే రచనను వేదికపై రికార్డు చేశాడు. జమైకాలో పుట్టిన ఆల్టో విద్వాంసుడు జో హారియట్, కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్ కలిసి 1966లో 'ఇండో జాజ్ సూట్' వెలువరించారు. జాన్ హ్యాండీ 1970 దశకం మధ్యలో అలీ అక్బర్ ఖాన్ సరోద్‌తో 'కరుణా సుప్రీమ్' చేశాడు. చార్లీ మరియానో నాదస్వరం స్వయంగా నేర్చుకొని, బెంగుళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ కళాకారులతో 1983లో 'జ్యోతి' రికార్డు చేశాడు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా వంటి మహావిద్వాంసులు సజీవంగా నిలిపిన వాద్యాన్ని ఒక అమెరికన్ శాక్సోఫోన్ కళాకారుడు గురువు దగ్గర కూర్చొని అభ్యసించాడన్నది తెలుగువారికి మరింత తెలియవలసిన విషయం.

ఈ ప్రయోగాలలో ఎక్కువ వాటికి ఒక సామాన్య లక్షణం ఉంది. రాగాన్ని గాని తాళాన్ని గాని భారతీయ శాస్త్రం నుంచి తీసుకొని జాజ్ పక్కన నిలిపారు. 'మదర్ టంగ్' ఆ దారిని వదిలిపెట్టింది. శాస్త్రం జోలికి పోకుండా మాట దగ్గరకు వెళ్ళింది.

4. 'మదర్ టంగ్': ప్రశ్న, పద్ధతి

అమెరికాలో పెరిగిన భారతీయ సంతతి పిల్లలకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. 'మీరు ఇండియన్ మాట్లాడతారా?' లేదా 'హిందూ మాట్లాడతారా?' అడిగేవారిలో ద్వేషం ఉండకపోవచ్చు. అయితే ఆ ప్రశ్న అడగగానే అనేక భాషలు ఒక్క మాటలో కరిగిపోతాయి. అటువంటి ప్రశ్నకు భారతీయ భాషలవారు తమ తమ భాషలలో ఇచ్చిన సమాధానాలను మహాంతప్ప రికార్డు చేసి, ఆ మాటల స్వరస్థానాలనూ కాలవ్యవధులనూ సంగీతలిపిలోకి దించి, వాటినే రచనలకు మూలధాతువుగా తీసుకున్నాడు. 'కన్నడ', 'గుజరాతీ', 'తెలుగు', 'కొంకణి', 'తమిళ్', 'మలయాళం' అని రచనలకు పేర్లు. 'ఇంగ్లిష్' అనే రచన కూడా వాటి సరసన నిలవడంలో వ్యంగ్యం లేకపోలేదు. పియానోపై విజయ్ అయ్యర్, బేస్‌పై ఫ్రాంస్వా మూటాన్, డ్రమ్స్‌పై ఎలియట్ హంబర్టో కావీ. అందరూ జాజ్ వాద్యాలే వాయించారు. మృదంగం లేదు, తంబురా లేదు.

మాటను స్వరంగా మార్చే పద్ధతికి పూర్వోదాహరణలున్నాయి. చెక్ స్వరకర్త యానాచెక్ వీధిలో విన్న మాటల రాగాలను పుస్తకాలలో రాసుకొనేవాడు. స్టీవ్ రైక్ 1988లో 'డిఫరెంట్ ట్రెయిన్స్'లో రికార్డు చేసిన మాటలనే తంత్రీవాద్యాలచేత అనుకరింపజేశాడు. జాజ్ పియానిస్టు జేసన్ మోరాన్ 2003లో ఒక టర్కిష్ టెలిఫోన్ సంభాషణను వెంబడిస్తూ వాయించాడు. మహాంతప్ప ప్రత్యేకత పద్ధతిలో కంటె ప్రశ్నలో ఉంది. 'ఇండియన్' అనే భాష లేదని వాదించడానికి వ్యాసం రాయకుండా, ఒక్కొక్క భాష నడక ఎంత భిన్నంగా ఉంటుందో వినిపించడం అతడు ఎన్నుకున్న దారి.

5. మాట నుంచి లయకు: తెలుగు ఛందస్సు చూపే దారి

ఇక్కడ జాజ్ విమర్శకులకు లేని సౌకర్యం తెలుగు పరిశోధకులకు ఉంది. మాటను కాలంగా కొలిచే శాస్త్రం మనకు ఛందస్సు రూపంలో వెయ్యేళ్ళుగా అందుబాటులో ఉంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. శాక్సోఫోన్ కోసం మాటను లిప్యంతరం చేసేవాడు చేసే మొదటి పని కూడా సారాంశంలో ఇదే.

రికార్డులోనిది కాని ఒక మామూలు వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం: 'నేను తెలుగు మాట్లాడతాను'. 'నేను' గలం, మూడు మాత్రలు. 'తెలుగు' నగణం, అదీ మూడు మాత్రలే. 'మాట్లాడతాను' రెండు గురువులు, లఘువు, గురువు, లఘువు కలిసి ఎనిమిది మాత్రలు. మొత్తం 14. గురజాడ ముత్యాల సరంలోని నిండు పాదానికీ 14 మాత్రలే. అయినా ఈ వాక్యం ముత్యాల సరంలా నడవదు. ఆ ఛందస్సుకు 3+4+3+4 విరుపు కావాలి. ఈ వాక్యం 3+3+8గా పడుతుంది. అదే భావాన్ని 'తెలుగు మాట్లాడుదును నేనే' అని మారిస్తే 'తెలుగు / మాట్లా / డుదును / నేనే' అని మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి తనంతట తానే వస్తుంది. మాత్రల సంఖ్య ఒకటే, నడక వేరు. మాటలోని లయ మొత్తంలో ఉండదనీ, విరుపులో ఉంటుందనీ ఈ చిన్న మార్పు రుజువు చేస్తుంది. మాటను స్వరలిపిగా మార్చేవాడు ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే. నిత్యవ్యవహారంలోని మాట గతికి లొంగదు. దానిని గతికి లొంగదీస్తే పద్యమవుతుంది, లొంగదీయకపోతే డ్రమ్స్ వాయించేవాడికి పట్టు దొరకదు.

ఈ 14 మాత్రల పదబంధాన్ని జాజ్‌లోని నాలుగు దెబ్బల కొలతపై పరిచినప్పుడు ఏమవుతుందో లెక్కించవచ్చు. ఒక్కో కొలతలో ఎనిమిది అర దెబ్బలు. ఒక మాత్రను ఒక అర దెబ్బగా తీసుకుంటే, పదబంధం నాలుగుసార్లు తిరిగేసరికి 56 అర దెబ్బలు, అంటే ఏడు కొలతలు పూర్తయి మళ్ళీ మొదటి దెబ్బపై కలుస్తుంది. మధ్యలో ప్రతిసారీ అదే మాట కొత్త చోట ఊనికను పొందుతుంది. ఆదితాళంలో ఒక అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున లెక్కిస్తే ఆవర్తనానికి 32 మాత్రలు. 14 మాత్రల పదబంధం పదహారుసార్లు తిరిగి ఏడు ఆవర్తనాలకు సమానికి చేరుతుంది. మృదంగ విద్వాంసుడు కోర్వైలో చేసే గణితమూ, సమకాలీన జాజ్ డ్రమ్మరు చేసే గణితమూ ఇక్కడ ఒకటే. తేడా ఏమంటే మొదటివాడు శ్రోత చేత తాళం వేయిస్తాడు, రెండవవాడు శ్రోతను తికమకపెట్టి ఆనందిస్తాడు.

స్వింగ్ నడకకూ తెలుగు గణాలకూ మధ్య మరొక పోలిక గమనార్హం. స్వింగ్‌లో రెండు అర దెబ్బలు సమానంగా ఉండవు. మొదటిది పొడవు, రెండవది పొట్టి. మధ్యమ వేగంలో ఆ నిష్పత్తి సుమారుగా రెండుకు ఒకటి. అది గలం, అంటే గురులఘువు. 'నేను', 'రాము', 'మాట' వంటి తెలుగు పదాలు పలికినప్పుడు వినిపించే నడక ఇదే. ద్విపద పాదాంతంలోనూ ఆటవెలదిలోనూ కనిపించే సూర్యగణాలలో ఇది ఒకటి. వేగం పెరిగేకొద్దీ స్వింగ్‌లోని ఈ భేదం తగ్గి రెండు అర దెబ్బలూ సమానమవుతూ వస్తాయి. వేగంగా మాట్లాడే తెలుగులోనూ దీర్ఘాలు కొంత కుంచించుకుపోతాయి. ఈ పోలికను ప్రభావంగా పొరబడరాదు. ఆఫ్రికన్ అమెరికన్ సంగీతంలో పుట్టిన స్వింగ్‌కు తెలుగుతో చారిత్రక బంధుత్వం లేదు. అయితే తెలుగు మాట స్వింగ్ వాద్యంలో ఇమడడానికి ఇది ఒక సహజమైన అనుకూలతను కల్పిస్తుంది.

ఛందస్సు చూపనిది కూడా ఒకటుంది. దీర్ఘాచ్చు వల్ల ఏర్పడే గురువూ, పరాక్షరం ద్విత్వమో సంయుక్తమో కావడం వల్ల ఏర్పడే గురువూ ఛందస్సుకు సమానం. 'పాట'లోని 'పా'కూ 'పట్ట'లోని మొదటి 'ప'కూ రెండేసి మాత్రలే. చెవికి మాత్రం అవి సమానం కావు. మొదటిదానిలో ఆ కాలం నాదంతో నిండుతుంది. రెండవదానిలో సగం కాలం నాలుక అడ్డుపడిన నిశ్శబ్దం. శాక్సోఫోన్‌పై ఈ భేదం అత్యంత స్పష్టంగా పలుకుతుంది. రీడుకు నాలుక తాకించి ఊపిరిని ఆపితే ద్విత్వం, ఊపిరిని సాగనిస్తే దీర్ఘం. కేవలం మాత్రల లెక్కతో తెలుగు మాటను స్వరలిపిగా మార్చేవాడు ఈ భేదాన్ని పోగొట్టుకుంటాడు, చెవితో మార్చేవాడు నిలుపుకుంటాడు.

అవధారణ విషయమూ ఇటువంటిదే. ఆంగ్లంలో ఒక పదాన్ని నొక్కిచెప్పాలంటే ప్రధానంగా స్వరబలం పెంచుతారు. తెలుగులో ఏకారం చేరుస్తారు. 'తెలుగు' మూడు మాత్రలు, 'తెలుగే' నాలుగు. ప్రశ్నకు దీర్ఘమైన ఆకారం చేరుతుంది. భావోద్వేగం మాత్రల సంఖ్యనే మారుస్తుందన్నమాట. 'ఇండియన్ మాట్లాడతారా' అన్న ప్రశ్నకు పట్టుదలతో జవాబిచ్చే తెలుగువాడి వాక్యం, ఆ పట్టుదల వల్లనే లయ మారిన వాక్యమవుతుంది. మాటల అర్థాన్ని తీసివేసిన తరువాత కూడా ఆ పట్టుదల నడకలో మిగిలే అవకాశం ఉంది. మహాంతప్ప పద్ధతిలోని నిజమైన బలం ఇక్కడ ఉంది.

6. కోఠి నుంచి చూస్తే

భాష పేరు పలకడమే ఒక వాదంగా మారిన సందర్భం కోఠికి కొత్త కాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదు సంస్థానంలో తెలుగు గ్రంథాలకు ఒక చోటు ఉండాలని 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. అది నేటికీ సుల్తాన్‌బజారు ప్రాంతంలో నిలిచి ఉంది. 1921 నవంబరులో కోఠి సమీపంలోని వివేకవర్ధని ప్రాంగణంలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ మహర్షి కార్వే అధ్యక్షతన జరిగింది. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి లేవగా సభికులలో కొందరు గేలిచేశారు. ఆ అవమానం ఆంధ్ర జనసంఘం ఏర్పడడానికి దారితీసిందన్నది తెలంగాణ చరిత్ర విద్యార్థులందరికీ తెలిసిన విషయం.

ఈ సంఘటనను 'మదర్ టంగ్' పక్కన నిలపడం దూరాన్వయంగా తోచవచ్చు. 1921లో సమస్య అధికారానిది, 2004లో సమస్య అజ్ఞానానిది. ఒకచోట భాష తెలిసీ వినడానికి నిరాకరించారు, మరొకచోట అటువంటి భాష ఉందనే తెలియదు. అయినా రెండింటిలోనూ సామాన్యమైనది ఒకటుంది. గేలికి గురైనది ఉపన్యాసంలోని విషయం కాదు, ఆ భాష ధ్వని. జాజ్ రచనకు మూలధాతువు అయినదీ విషయం కాదు, ఆ భాష ధ్వనే. ఏ ధ్వనిని సభ వినలేకపోయిందో దానిని అర్థంతో నిమిత్తం లేకుండా, కేవలం వినడానికి యోగ్యమైన వస్తువుగా ముందుంచడం ఒక సమాధానమే. అది చాలిన సమాధానమా అన్నది వేరే చర్చ. అర్థం పోయిన తరువాత మిగిలిన భాషను గౌరవం అనవచ్చు, అలంకారం అని కూడా అనవచ్చు.

ఈ రెండవ అభిప్రాయానికి బలమిచ్చే అంశం ఒకటి ఉంది. 'తెలుగు' అనే ఏకవచన శీర్షిక. ఒక రచనకు మూలమైనది ఒక వ్యక్తి పలికిన తెలుగు. వరంగల్లు మాటకూ, కడప మాటకూ, శ్రీకాకుళం మాటకూ వాక్యాంత స్వరాలు ఒకే విధంగా ఉండవు. సాగదీతలు వేరు, విరుపులు వేరు. 'ఇండియన్' అనే ముద్దమాటను బద్దలు కొట్టిన రికార్డు, 'తెలుగు' అనే మరో ముద్దమాట దగ్గర ఆగింది. దీనిని దోషంగా కాక పరిమితిగా చూడడం న్యాయం. ఆ ఆల్బమ్ ఉద్దేశించిన అమెరికన్ శ్రోతకు 'తెలుగు' అన్న పేరు వినడమే మొదటి మెట్టు. తెలుగు పరిశోధకుడు ఆ మెట్టు దగ్గర ఆగనవసరం లేదు.

7. 'కిన్స్‌మెన్': విజయనగరం దారి

మహాంతప్ప విద్యార్థిగా ఉన్నప్పుడు అతని అన్న ఒక ఆల్బమ్ కానుకగా ఇచ్చాడు. పేరు 'శాక్సోఫోన్ ఇండియన్ స్టైల్'. కానుక వెనుక పరిహాసమే ఉద్దేశం. విన్నవాడికి మాత్రం పరిహాసం కాలేదు. తాను రోజంతా సాధన చేసే వాద్యంపై మరొకరు పూర్తిగా వేరే సంగీతాన్ని, ఎటువంటి సంకోచమూ లేకుండా పలికించడం అతనిని కదిలించింది. ఆ విద్వాంసుడే కద్రి గోపాల్‌నాథ్. జాజ్ ప్రపంచంతో ఆయనకూ పరిచయం ఉంది. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో జాన్ హ్యాండీ ఆయన వాదనం విని కలిసి వాయించిన సంగతి ప్రసిద్ధం.

ఆ బంధం ఫలించి 2008లో 'కిన్స్‌మెన్' వెలువడింది. రెండు ఆల్టో శాక్సోఫోన్లు, ఎ. కన్యాకుమారి వయొలిన్, పూవలూర్ శ్రీజి మృదంగం, రెజ్ అబ్బాసీ గిటారు, కార్లో డి రోజా బేస్, రాయల్ హార్టిగన్ డ్రమ్స్. రెండు సంప్రదాయాల లయాధారాలూ ఉండడం ఈ బృందనిర్మాణంలోని విశేషం. మృదంగాన్ని అలంకారంగా ఒక మూల కూర్చోబెట్టలేదు; డ్రమ్స్‌ను తొలగించలేదు.

రెండు ఆల్టోలూ ఒకే వాద్యమైనా ఒకే గొంతు కావు. మహాంతప్ప స్వరం నుంచి స్వరానికి దూకుతాడు. గోపాల్‌నాథ్ స్వరాల మధ్య సాగుతాడు. శాక్సోఫోన్ మీటలు పన్నెండు స్వరస్థానాలకు కట్టుబడి ఉంటాయి. గమకం మీటల మధ్య, పెదవి ఒత్తిడిలో, ఊపిరిలో పుట్టవలసిందే. నాదస్వర కుటుంబంలో పుట్టినవాడికి ఆ పెదవి పని పరిచితమే. కల్యాణి పేరుగల రచన ఈ ఆల్బమ్‌లో ఉండడం ఇందుకు మంచి పరీక్ష. కల్యాణి స్వరస్థానాలు జాజ్ విద్యార్థులు నేర్చుకొనే లిడియన్ మోడ్ స్వరస్థానాలే. కాగితంపై రెండూ ఒకటి. నిషాద గాంధారాలను ఊపి పలికినప్పుడు కల్యాణి, నిలకడగా పలికినప్పుడు లిడియన్. స్వరపట్టికతో రాగాన్ని గుర్తించవచ్చుననుకొనే విద్యార్థికి ఇంతకంటె చక్కని పాఠం దొరకడం కష్టం.

తాళం విషయంలోనూ ఇదే స్థితి. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, జాజ్‌లో రెండు కొలతలకూ ఎనిమిది దెబ్బలు. పొడవు సమానం. అయితే ఆదితాళం నాలుగు, రెండు, రెండుగా విడిపోతుంది. స్వింగ్‌లో రెండవ, నాలుగవ దెబ్బలపై తాళపు చప్పుడు పడుతుంది. ఒకే ఎనిమిదిలో ఇద్దరి శరీరాలు వేర్వేరు చోట్ల వాలతాయి. ఈ వైరుధ్యాన్ని సరిదిద్దకుండా అలాగే వినిపించడంలోనే ఈ రికార్డు సాధించిన సహవాసం ఉంది.

తెలుగు ఎక్కడుంది? ఆల్బమ్‌లో ఆ పేరుతో రచన లేదు. కానీ గోపాల్‌నాథ్ సంగీతానికి పునాది కృతులు. వాటిలో పెద్ద భాగం త్యాగరాజు (1767–1847) తెలుగులో రచించినవి. కృతిని వాద్యంపై పలికించేవాడు స్వరాలను మాత్రమే నేర్చుకుంటే చాలదని గురువులు చెప్పే మాట సుపరిచితం. ఎక్కడ నాలుక తాకించాలో, ఎక్కడ ఊపిరిని కొనసాగించాలో సాహిత్యాక్షరాలే నిర్ణయిస్తాయి. కనుక పైన చెప్పిన దీర్ఘద్విత్వ భేదం ఈ విద్వాంసుని నాలుకకు శిక్షణలో భాగంగానే అబ్బుతుంది. 'మదర్ టంగ్'లో లిప్యంతరం ద్వారా వచ్చిన తెలుగు, ఇక్కడ అభ్యాసం ద్వారా వచ్చింది. మొదటిది పేరు చెప్పుకొని వచ్చింది, రెండవది పేరు చెప్పకుండానే వచ్చింది.

రెండవ దారి కన్యాకుమారిది. విజయనగరంలో ఇవటూరి విజేశ్వరరావు వద్ద తొలి శిక్షణ, తరువాత మద్రాసులో ఎం. చంద్రశేఖరన్, ఎం. ఎల్. వసంతకుమారి శిష్యరికం. 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి పురస్కారం. గోపాల్‌నాథ్ కచేరీలలో దశాబ్దాల పాటు ఆమె వయొలిన్ జతగా ఉంది. ఈ ఆల్బమ్ గురించిన చర్చలు ఎక్కువగా ఇద్దరు శాక్సోఫోన్ విద్వాంసుల బంధుత్వంపైనే నిలుస్తాయి. శీర్షిక కూడా అటువైపే చూపుతుంది. వినేవారికి మాత్రం మూడవ గొంతు అంతే ముఖ్యం. గాలి వాద్యం ఊపిరి కోసం ఆగినచోట తంత్రి ఆగదు. గోపాల్‌నాథ్ సాహిత్య నడకను అనుసరించి తెగ్గొట్టిన పదబంధాన్ని కమాను మరో శ్వాసలో పూరిస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు నాటి నుంచి వయొలిన్‌కు ప్రసిద్ధమైన విజయనగరం, ముత్యాల సరాన్ని తెలుగుకు ఇచ్చిన గురజాడ విజయనగరం కూడా. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం అతిశయోక్తి. ఒకే పట్టణం మాత్రాబద్ధమైన మాటకూ, మాటను అనుసరించే తంత్రికీ నెలవు కావడం మాత్రం గమనించదగినది.

8. మిగిలిన లయలు

ఈ రెండు రికార్డులలోనూ 'ప్రాంతీయ లయ' అనేది ఒకే వస్తువు కాదని తేలుతుంది. ఒకదానిలో అది సంభాషణ నడక, మరొకదానిలో శాస్త్రీయ తాళం. ఈ రెంటికీ బయట మూడవది ఉంది. డప్పు దరువు, ఒగ్గు డోలు, తీన్‌మార్, పాతబస్తీ పెళ్ళిళ్ళలో హద్రమీ, సిద్దీ వారసత్వంతో వినిపించే మర్ఫా. వీటిలో తీన్‌మార్ శాక్సోఫోన్‌కు అపరిచితం కాదు. బ్యాండు మేళం వాయిద్యగాడు సినిమా పాట స్వరాన్ని శాక్సోఫోన్‌పై సాగదీస్తుండగా వెనుక డ్రమ్ముల జట్టు తీన్‌మార్‌లోకి మారడం హైదరాబాదు వీధులలో సామాన్య దృశ్యం. అక్కడ మనోధర్మం ఉంది, ఆవృత్తి ఉంది, శ్రోతల కాళ్ళను నమ్ముకున్న లయ ఉంది. న్యూ ఆర్లియన్స్ ఊరేగింపు బృందాలలో జాజ్ పుట్టిన పరిస్థితులకు దగ్గరి పోలిక వెదకాలంటే కచేరీ సభలో కంటె ఈ ఊరేగింపులోనే దొరుకుతుంది.

ఆ వాయిద్యగాళ్ళ వాదనాన్ని స్వరలిపిలోకి దించాలంటే 'మదర్ టంగ్' పద్ధతే పనికివస్తుంది. మాటను రికార్డు చేసినట్లే దరువును రికార్డు చేయాలి, మాత్రల లెక్కతో పాటు ద్విత్వం వంటి నిశ్శబ్దాలనూ గుర్తించాలి, ప్రాంతభేదాలను ఒక్క శీర్షిక కింద కలపకుండా విడివిడిగా నమోదు చేయాలి. అందుకు అవసరమైన ఛందశ్శాస్త్ర పరిజ్ఞానం తెలుగు శాఖలలో ఉంది, తాళజ్ఞానం సంగీత కళాశాలలలో ఉంది, వాయిద్యగాళ్ళు పెళ్ళిళ్ళ కాలంలో వీధులలో ఉన్నారు.